బేరింగులకు మంచినీళ్ళు

గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా ఎవరు దులపాలన్న దగ్గర గొడవ మొదలైంది.

“పొద్దున్నే దులిపాను. అప్పుడే మళ్ళీ తెల్లటి పిండి. ఎవరో ముగ్గుడబ్బా ఒలకబోసినట్టుంది” అంది భ్రమరాంబ.

“బూట్లేసుకుని తిరిగొచ్చేవాళ్ళే దులపాలి. నేను ఏసీలోంచి ఏసీలోకి వస్తాను. నా చెప్పులకి దుమ్మెక్కడిది?” అంది కూతురు భానుశ్రీ, హైటెక్ సిటీ ఆఫీసు ఐడీ కార్డు మెడలోంచి తీస్తూ.

“దుమ్మంతా నా ఒక్కడి నెత్తినే వేస్తే ఎలా?” అన్నాడు అల్లుడు వెంకట్.

రామ్మోహనరావు పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాక ఆయనా భార్యా కూతురి దగ్గరే, ఈ నార్సింగి ఫ్లాట్‌లోనే ఉంటున్నారు. పట్టాల తగాదాల్లో తలదూర్చే మనిషి కాదు.

చివరికి వెంకటే దులిపాడు.

అది ముగ్గు కాదు, రాతిపిండి. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక ఫ్యాక్టరీ ఉంది. ఐటీ టవర్ల లాబీల్లో పరిచే గ్రానైటు పలకల్ని అక్కడ కోసి నునుపు చేస్తారు. కోతకు వాడిన నీళ్ళూ రాతిపొడీ నలకలూ కలిసి, చిక్కటి గంజిలా ముప్పై అడుగుల లోతు సంపులోకి దిగుతాయి. ఆ గంజిని పైకి తోడాలి. తోడే పంపుని అది లోపల్నించి ఉప్పుకాగితంలా గీకి తినేస్తుంది.

వెంకట్ పంపుల కంపెనీలో సేల్స్ ఇంజనీరు. ఈ ఫ్యాక్టరీ ఆర్డరు రాకపోతే సోమవారం నుంచి ఆఫీసుకి రానక్కర్లేదని మేనేజరు కిరణ్ నవ్వుతూనే చెప్పాడు. వెంకట్ చూపించిన పంపు ఫ్యాక్టరీ యజమానికి నచ్చింది. నచ్చనిది ఆ యజమాని పెట్టుకున్న కన్సల్టెంటుకి. ఆ పెద్దమనిషి రేపు ఏది రాసిస్తే అదే కొంటారు.

ఆఫీసు మనుషుల పేర్లు ఇంట్లో ఎత్తకూడదని రామ్మోహనరావు పెట్టిన నియమం. తిట్టకూడదని మాత్రం ఆయన ఎప్పుడూ అనలేదు.

భోజనాల దగ్గర వెంకట్ అందుకున్నాడు.

“ఇవాళ కూడా కన్సల్టెంటు నన్ను సంపు గట్టున ఎండలో నిలబెట్టాడండీ. రాతిబురద చేతిలోకి తీసుకుని, వేళ్ళతో నలిపి, వాసన కూడా చూశాడు. ఇంకాసేపుంటే నాలిక మీద వేసుకునేవాడు. పోనీ టీ తాగుదాం రమ్మంటే, ఇంట్లో తాగే వచ్చానన్నాడు.”

“ఆ టీలో పంచదార తక్కువైనట్టుంది” అంది భ్రమరాంబ పప్పు వడ్డిస్తూ. “ఆ ముసలాయనతో పెళ్ళాం ఎలా వేగుతోందో పాపం.”

“ఉప్పు లేని పప్పు పెడితే దారికొస్తాడమ్మా” అంది భానుశ్రీ.

“అలాంటివాళ్ళు ఉప్పు లేకపోయినా తినేస్తారే.”

రామ్మోహనరావు రెండు ముద్దలు తిన్నారు. ఉప్పుడబ్బా దగ్గరికి లాక్కున్నారు.

“ఇంతకీ అతని అభ్యంతరం ఏమిటి? మీ మాటల్లో చెప్పండి” అన్నారు.

“మా పంపుకి మోటారు పైన గట్టు మీద పొడిగా ఉంటుంది మామయ్యగారూ. పంపు కింద బురదలో ఉంటుంది. రెంటినీ కలుపుతూ పొడుగాటి ఇనపకడ్డీ. మోటారుకి తడి తగలదు, కాలదు. ఇంతకంటే ఏం కావాలండీ?”

“ముప్పై అడుగుల కడ్డీ ఒంటరిగా తిరుగుతుందా?”

“మధ్యమధ్యలో కడ్డీ ఊగకుండా పట్టుకునే బేరింగులు ఉంటాయి.”

“బురదలోనా?”

వెంకట్ అప్పడం విరిచాడు.

“వాటికి బురద తగలకుండా సన్నటి గొట్టంలోంచి మంచినీళ్ళు పంపుతూ ఉంటాం. ఆ చాదస్తుడికి ఇదే ఎక్కడం లేదు. మోటారుతో సహా మునిగే పంపే కావాలట. గట్టి లోహంతో చేసిందై ఉండాలట. అడుగున బురద పేరుకోకుండా కలియబెట్టే రెక్కలు కూడా ఉండాలట. మా కంపెనీ అది చెయ్యదని తెలిసే అడుగుతున్నాడు.”

“మునిగితే మోటారు కాలిపోదా?” అంది భానుశ్రీ.

“నేనూ అదే అన్నాను. కాలితే గొలుసు పట్టి పైకి లాగి బాగుచేసుకుంటారులే అన్నాడు. లాగేది ఆయనైనట్టు.”

రామ్మోహనరావు వంకాయ కూర కలుపుకున్నారు.

“ఆ మంచినీళ్ళు ఎక్కడివి?”

“ట్యాంకర్ తెప్పించుకుంటారండీ.”

భ్రమరాంబ చేతిలో గరిటె ఆగింది. “నిన్న రావాల్సిన ట్యాంకరే మనకింకా రాలేదు. అంట్లు చెంబుడు నీళ్ళతో తోముతున్నాను. మీ బేరింగులకి రోజంతా స్నానమా బాబూ?”

“అత్తయ్యగారూ, మీరు నా వైపు కదా.”

“మీ వైపే. నీళ్ళ దగ్గర మాత్రం ఎవరి వైపూ కాదు.”

“ట్యాంకర్ రాని రోజు?” అన్నారు రామ్మోహనరావు.

“ఆ రోజుకి పంపు ఆపుకోవాలి.”

“ఆపితే సంపు పొంగుతుంది.”

“ఆపకపోతే బేరింగులు అరిగిపోతాయి” అన్నాడు వెంకట్, గొంతు తగ్గించి. “అప్పుడు కడ్డీ మొత్తం క్రేనుతో పైకి తియ్యాలి.”

అన్నాక, తన పంపుని తనే సంపులో పడేసుకున్నానని అతనికి అర్థమైంది. మిగిలిన అప్పడం తినకుండా కంచం పక్కన పెట్టేశాడు.

భానుశ్రీ తండ్రి కంచంలో ఇంకో గరిటెడు పెరుగు వేసింది.

“నాన్నా, ఉద్యోగం పోతుంది నాన్నా” అంది మెల్లగా.

రామ్మోహనరావు పెరుగన్నం తాపీగా పూర్తి చేశారు. చెయ్యి కడుక్కోవడానికి లేవబోతూ ఆగి, అందరికీ వినిపించేలా చెప్పారు.

“మీ పంపు వద్దని రేపు పొద్దున్నే ఫ్యాక్టరీకి రాసి సంతకం పెట్టేస్తున్నానండీ అల్లుడుగారూ, ఉద్యోగం పోతే సోమవారం నుంచి నాకు అసిస్టెంటుగా వచ్చేయండి.”