టార్పాలిన్ వాసన

ఆ రోజు ఇంట్లో తాత ఇవోన్ ఉన్నాడు, అమెరికా సైనికుడి వేషంలో. తాత స్నేహితుడు గిలేన్ ఉన్నాడు, అదే వేషంలో, పొట్ట మీద బొత్తాలు పట్టక. మేడ మీద గదిలో తాతమ్మ జెలీ, ఇవోన్ తల్లి, ఉంది. వంటగదిలో మనవరాలు పెరీన్, గోళ్ల సందుల్లో గ్రీజు పోక సబ్బుతో కుస్తీ పడుతోంది.

పెరట్లో లారీ. ఆ ఇంట్లో అదీ ఒక మనిషి కిందే లెక్క.

జూన్ వచ్చిందంటే ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఏ కొట్టం తలుపు తీసినా యుద్ధకాలపు లారీ ఒకటి దగ్గుతూ బయటికొస్తుంది, 1944లో జర్మన్లని తరమడానికి అమెరికా సైన్యం దిగిన రోజుల గుర్తుగా ఊరేగడానికి.

చలికాలమంతా పెరీన్ దాని కిందే వెల్లకిలా పడుకుని గడిపింది. బళ్లో నోరు పెగలని పిల్లకి అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఒక్కసారే తొక్కితే లారీ పందిపిల్లలా కీచుమంటుంది.

"ఈ గేర్లకి నీకంటే సిగ్గెక్కువే పిల్లా, మెల్లిగా అడుగు" అనేవాడు తాత.

ఈ ఏడు పొలం బాట చివరిదాకా నువ్వే నడుపు, అన్నాడు.

తాతమ్మని వెనకాల కూర్చోబెడదామన్నది మాత్రం పెరీనే. అమెరికా సైన్యం ఊళ్లోకొచ్చిన నాటికి తాతమ్మకి ఇప్పటి పెరీన్ వయసు. అది కళ్లారా చూసినవాళ్లలో ఊళ్లో ఇంకా మిగిలింది ఆమె ఒక్కతే. తాను నడిపే బండిలో ఆమె ఊరేగాలి.

ఇన్నేళ్లలో తాతమ్మ ఆ లారీ దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. మోకాళ్ల నొప్పులు, అనేవారు అందరూ.

గిలేన్ లారీ వెనక్కి ఎక్కి, టార్పాలిన్‌లో ముక్కు పెట్టి గాఢంగా పీల్చాడు.

"ఆహా! నలభై నాలుగు నాటి వాసన! కొత్తది కొంటే ఇది వస్తుందా?"

అది నిజంగా ఆ నాటిదే. చచ్చిపోయిన ఓ రైతు కొట్టంలో గడ్డి కింద దొరికింది. దానికి అవిసె నూనె, మైనం పట్టించింది పెరీన్.

"నువ్వూ కాస్త పెదాలకి ఎర్రగా రంగేసుకుని బానెట్ మీద కూర్చోరాదూ? ఊరేగింపుకి ఊపొస్తుంది" అన్నాడు గిలేన్. అతని గడ్డం మీద చెమట, నోట్లో చూయింగ్ గమ్.

పెరీన్ బానెట్ ఎత్తి నూనె చూసే పనిలో పడింది.

తాతమ్మని కుర్చీతో సహా కిందికి తెచ్చారు, కళ్లకి రుమాలు కట్టి.

"ఏంట్రా ఇవోన్, నా పుట్టినరోజు చలికాలంలో కదరా" అని నవ్వుతోంది ఆమె.

"చెప్తే ఇంకేముందమ్మా? ఉండు."

ఇద్దరూ ఎత్తి లారీలో కూర్చోబెట్టారు. పెరీన్ పక్కన నిలబడింది. టార్పాలిన్ తెర కిందికి జారింది, దాని వాసన గుప్పుమంది.

తాతమ్మ నవ్వు ఆగిపోయింది.

గిలేన్ వంగి, ఆమె చెంప మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టి, అమెరికా యాసలో అన్నాడు.

"ఏం పిల్లా, చూయింగ్ గమ్ కావాలా?"

తాత పకపకా నవ్వాడు.

తాతమ్మ రెండు చేతులతో గౌను మోకాళ్ల కిందికి లాక్కుంది. ఇంకా ఇంకా లాక్కుంది. పాదాల మధ్య లారీ చెక్కలు తడిశాయి.

"మా అమ్మకి చెప్పకండి" అంది.

అది ముసలి గొంతు కాదు, పెరీన్ ఈడు పిల్లది.

నవ్వుతున్న తాత నోరు అలాగే ఉండిపోయింది.

"ఎండ తగిలినట్టుంది" అన్నాడు గిలేన్, గమ్ నములుతూ. "నీళ్లు పట్టండి. బండి తియ్యి పెరీన్, బాట మీద ఊరేగింపు బళ్లన్నీ మన కోసం ఆగున్నాయి."

పెరీన్ ఆ చెక్కల వంక చూసింది. వాటిని తోమింది తనే. నూనె పట్టించింది తనే.

"దించండి" అంది. జీవితంలో మొదటిసారి పెద్దగా. "ఆ టోపీలు తీసేసి దించండి!"

దించారు. గదిలోకి చేర్చి వచ్చాక తాత పెరీన్ కళ్లలోకి చూడలేదు.

"మా అమ్మకి కాస్త మతిమరుపు, నీకు తెలుసు కదా" అన్నాడు.

లారీని తాతే తీశాడు. గేరు కీచుమంది. తెర రోడ్డు మలుపులో రెపరెపలాడుతూ పోయింది.

పెరీన్ వంటగది తొట్లో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఆ టార్పాలిన్ వాసనే; ఆ తొట్లోనే వాంతి చేసుకుంది.

తర్వాత కాసిని వేడి పాలు పట్టుకుని మేడెక్కింది. అందరూ తలుపు తట్టాలి, పెరీన్ తప్ప. చిన్నప్పటి నుంచీ అంతే.

తాతమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, గౌను మార్చుకుని.

"నేనే తాతమ్మా."

ఆమె పెరీన్ ముఖం చూడలేదు. పాలు పట్టుకున్న ఆ చేతుల వాసన పీల్చి, ఒక్క అడుగు వెనక్కి వేసి, తలుపు మూసింది.

లోపల గడియ పడింది. ఆ తలుపుకి గడియ ఉందని పెరీన్‌కి అప్పటిదాకా తెలియదు.