నవతకు వేరే గిలాస

ఇట్ల దగ్గరికి జరుగు బిడ్డా, మన కార్ఖానా గల్లీల నేను కండ్లార చూసిన ముచ్చట చెప్తా.

పక్కింటి నవతకు ఏ రోగం లేదు. తల్లిగారింట్ల వాళ్ల నాయినకు టీబీ అయింది గద, ఆమెకు రాకుండ కొత్త గోలీలిస్తమని దవాఖానోళ్లు ట్రయల్ల, అంటే మందు పనిచేస్తదా లేదా చూసే దాంట్ల, చేర్చుకున్నరు. కొన్నాళ్లు మింగి మానేసింది. ఎందుకో అడుగుదామని నర్సు భవాని వచ్చింది. నేను సుత ఆడనే ఉన్న.

"కడుపుల తిప్పుతుందా అక్కా?"

"లేదు మేడం."

"మరి భయమా?"

"యాది మరుస్తున్న." నవత తల ఎత్తలే.

అంతల అత్త సుగుణమ్మ చాయ్ తెచ్చింది. మాకు స్టీలు గిలాసలు, కోడలికి ప్లాస్టిక్‌ది.

"ఆమెకు వేరే ఎందుకమ్మా?" అంది భవాని.

"గోలీలు మింగింది గద. కన్నబిడ్డను సుత ఇప్పుడే ఆమె చేతికియ్యం."

"ఆమెకు రోగం లేదమ్మా. రాకుండ ఇచ్చే మందది."

"రోగం లేనోళ్లకు మందెవరిస్తరు? నా చెవుల పువ్వు పెడుతున్నవా?"

భవాని తన స్టీలు గిలాస నవత చేతిల పెట్టింది. ప్లాస్టిక్‌ది తను అందుకోని నిమ్మలంగ తాగింది. నవత సుత తాగింది.

సుగుణమ్మ నవత తాగిన ఆ స్టీలు గిలాస సుత తీసుకపోయి, ప్లాస్టిక్ దాని పక్కన వేరేగ పెట్టింది.

"మీరు పోతరు మేడం," అంది నవత. "నా బిడ్డను నేను ఎత్తుకోవాలె."

భవాని మిగిలిన గోలీలు సంచిల ఏసుకుంది. మళ్ల మింగమని అడగలే.

ట్రయల్ ఇడిశిపెట్టెటోళ్లకు తెలివి లేదని ఎవరన్నా అంటే, ఈ ముచ్చట యాదుంచుకోని వాళ్లకు చెప్పు బిడ్డా.