సున్నపు గీత

"మళ్ళీ వచ్చి కూర్చున్నాడమ్మా!" అన్నాడు తోటమాలి, టైలరింగు షాపు మెట్ల మీద రొప్పుతూ.

టైలరమ్మ మిషను ఆపింది. కొలతల టేపు మెడలోనే ఉంచుకుని రోడ్డు దాటింది.

ఆవిడ పార్కు కమిటీ కార్యదర్శి కూడా.

పార్కు నడిమధ్యగా సున్నంతో గీసిన గీత ఉంది. అది మున్సిపాలిటీ వాళ్ళు గీసింది. వెనక వీధి మనిషెవరో అర్జీల మీద అర్జీలు పెడితే, ఆ వీధికి దారి కోసం ఈ గీత వెంబడే రోడ్డు పడుతుందట. పదిహేడు చెట్లు, పిల్లల జారుడుబల్ల, నడకదారి అన్నీ పోతాయట.

గీత పక్కనే బెంచీ మీద, గళ్ళచొక్కా పెద్దాయన నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్నాడు. ఇరవై రోజులుగా ఇదే వరస.

"ఏం రాస్తున్నారండీ?"

"ఇక్కడికి వచ్చేవాళ్ళ గురించి రాసుకుంటున్నానమ్మా."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు."

టైలరమ్మ నమ్మలేదు. పనిలేని మనిషి పార్కుకొస్తే కునుకు తీస్తాడు గానీ, పెన్ను పట్టుకుని కూర్చుంటాడా?

"అయితే సరిగ్గా రాసుకోండి," అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "అదిగో, కర్రతో తడుముకుంటూ వస్తున్నారే, ఆయనకి చూపు లేదు. బండ్ల భయం లేకుండా ఒంటరిగా నడవగలిగే చోటు ఆయనకి ఇదొక్కటే. ఆ నీలం చీరావిడ కాలు విరిగి ఆర్నెల్లు మంచాన పడింది. మళ్ళీ అడుగులు వేయడం ఇక్కడే నేర్చుకుంది. రాశారా?"

"రాశాను. ఇంకా చెప్పండమ్మా."

ఆ నెమ్మది చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఇంకా చెప్తే చెట్లు కొట్టడం మానేస్తారా మీవాళ్ళు?"

"మావాళ్ళా?"

"మున్సిపాలిటీ మనిషి కాదూ మీరు? నా దగ్గర నాటకాలొద్దు. లేవండి!"

పెద్దాయన నోటుబుక్కు మూసి మెల్లగా బయటికి నడిచాడు. వెనకే వెళ్ళి తోటమాలి ధడాలున గేటు వేశాడు.

గేటు అవతల ఆగి ఆయన వెనక్కి తిరిగాడు.

"మీరు కోప్పడ్డందుకు నాకేం బాధ లేదమ్మా. మా వైపు కూడా మీలాంటి మనిషి ఒకరుంటే బాగుండేది."

ఆ మాట ఆవిడ చెవికెక్కలేదు.

మర్నాటి నుంచి ఆయన రాలేదు.

"పీడ విరగడైంది," అంది టైలరమ్మ.

శుక్రవారం మున్సిపల్ ఆఫీసులో విచారణ. కాలనీ కాలనీ అంతా కదిలి వచ్చింది. వారం రోజులు అద్దం ముందు బట్టీ పట్టిన ఉపన్యాసం మొదలుపెడదామని టైలరమ్మ లేచింది.

"అయ్యా..."

"కూర్చోండమ్మా," అన్నాడు ఇంజనీరు. "ఆ రోడ్డు రద్దయింది."

"రద్దంటే... వాయిదానా?"

"రద్దంటే రద్దే. ఒక్క కొమ్మ కూడా ముట్టుకోం."

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. మూడు నెలల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నట్టయింది. పక్కన తోటమాలి అందరి ముందూ భోరుమన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఏడుపు!" అని కసిరి, తనూ పమిటతో కళ్ళొత్తుకుంది.

"ఇంతకీ ఎలా రద్దయిందండీ?" అడిగిందావిడ.

"వెనక వీధి అవతలి కొసన ఒక ఇల్లు అడ్డంగా ఉంది. ఆ ఇంటాయనే వచ్చి వరండా, ముందు రెండు గదులూ దారికి రాసిచ్చాడు. వీధి నేరుగా మెయిన్ రోడ్డుకి కలిసిపోతుంది."

"మరి మా పార్కు మీద అర్జీల మీద అర్జీలు పెట్టిన ఆ మహానుభావుడో?"

"వాటన్నిటినీ వెనక్కి తీసుకుంటూ సంతకం పెట్టేశాడు. ఇక ఏ గొడవా లేదు."

పది రోజుల తర్వాత టైలరమ్మ ఒక పూలమొక్క కుండీ పట్టుకుని వెనక వీధికి బయలుదేరింది. ఇల్లు వదులుకున్న మనిషికి ఒక్క దండమైనా పెట్టకపోతే ఎలా?

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. వీధిలోకి వెళ్ళే సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి; అది దాటితే వీధి వెడల్పుగానే ఉంది. చివరి ఇంటికి మాత్రం ముందు సగం లేదు. లోపలి గదిగోడ, దాని మీద ఖాళీ మేకులు వీధిలోకి కనిపిస్తున్నాయి. ఆ పక్కనుంచి కొత్త దారిలో ఒక వ్యాను సాఫీగా లోపలికి వచ్చింది.

"ఎవరు కావాలండీ?" అంది పక్కింటావిడ.

"ఈ ఇంటాయన."

"నిన్ననే వెళ్ళిపోయారుగా, వాళ్ళ చెల్లెలి ఊరికి. ఇక రానని తాళం నాకిచ్చారు."

"అయ్యో! ఆయనవల్లే మా పార్కు నిలబడింది. ఒకసారి చూద్దామని..."

"చూడకపోవడమేంటి? ఇరవై రోజులు గళ్ళచొక్కా వేసుకుని మీ పార్కులోనే కూర్చున్నారుగా!"

టైలరమ్మ కుండీని మెల్లగా కింద పెట్టింది.

"మా పార్కు కోసం సొంత ఇల్లు కూలగొట్టించుకున్నారా?"

"మా కోసం కూడానండీ. రెండేళ్ళ కిందట ఆయన భార్యకి గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఆ సందులోకి దూరలేకపోయింది. చేతుల మీద మోసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు మాకా భయం తీరింది." పక్కింటావిడ గట్టిగా ఊపిరి వదిలింది. "ఆవిడ పోయినప్పట్నుంచీ మీ పార్కులోంచి రోడ్డు వేయమని ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టింది ఆయనేనండీ."