సూది వెయ్యని ముప్ఫై

“ఈసారి కూడా ఏదీ తేలకపోతే ప్రాజెక్టు మూసేద్దాం,” అని డైరెక్టరు గారు ముందే చెప్పేశారు.

రమ్యశ్రీ తయారుచేస్తున్నది చేపలకు స్ట్రెప్టోకాకస్ రోగం రాకుండా వేసే టీకా. ఆ రోగం తగిలితే చేపకు కళ్ళు ఉబ్బిపోతాయి. గిరగిరా తిరిగి చచ్చిపోతుంది. ఇప్పటికి రెండు చెరువుల్లో టీకా వేసినవీ వెయ్యనివీ సమానంగా బతికి ఆమె పరువు తీశాయి.

మూడోది ద్రాక్షారామం దగ్గర చంద్రరావు గారి చిన్న చెరువు. నిరుడు ఎండల్లో అక్కడ సగం చేపలు ఈ రోగంతోనే పోయాయి. రమ్యశ్రీ అందులో అరవై తిలాపియాలు వదిలింది. ముప్ఫైటికి సూది వేసి, వెన్ను మీద పసుపు బిళ్ళ గుచ్చింది. మిగతా ముప్ఫై ఉత్తవి.

“వాటికి కూడా పొడిచెయ్యొచ్చు కదమ్మా, పాపం,” అన్నారు చంద్రరావు గారి భార్య రత్నమాణిక్యం.

“తేడా తెలియాలి కదండీ పిన్నిగారూ.”

“అయితే పసుపు బిళ్ళ ఉంటే ఒంట్లో మందున్నట్టేనా?”

“ఉన్నట్టేనండీ.”

ప్రతి బుధవారం రాజమండ్రి నుంచి వచ్చి, వల వేయించి లెక్కపెట్టేది. రెండో వారానికి నాలుగు తగ్గాయి. నాలుగూ బిళ్ళ లేనివే.

“చచ్చినవి ఏవండీ బాబాయిగారూ?”

“చచ్చి తేలితే నీటికాకులు ఊరుకుంటాయేంటండీ,” అన్నారు చంద్రరావు. “మనం లేచేసరికే వాటి ఫలహారం అయిపోద్ది.”

మూడో వారం ఇంకో నాలుగు. నాలుగో వారం మరో నాలుగు. పసుపువి ఒక్కటి కూడా తగ్గలేదు. సంతోషానికి రమ్యశ్రీకి ఆకలి పెరిగింది. తను వద్దన్నా వినకుండా రత్నమాణిక్యం గారు పెట్టే భోజనం ఇప్పుడు మారు అడిగి తింటోంది. హాస్టలుకు కారియరు కూడా కట్టించుకుంటోంది.

ఎనిమిదో బుధవారం. పసుపువి ముప్ఫై. ఉత్తవి రెండు.

గట్టు మీద కూర్చునే రిపోర్టు పంపింది. పావుగంటలో ఫోను వచ్చింది.

“నీటికాకుల గురించి ఒక్క లైను నేనే కలిపానమ్మా. మిగతాదంతా బ్రహ్మాండం. ఢిల్లీకి పంపేశాను,” అన్నారు డైరెక్టరు గారు.

ఆ మధ్యాహ్నం కంచంలో వేడి వేడి పులుసు పడింది. చేప తలకాయలు రెండూ ఆమె కంచంలోనే ఉన్నాయి.

“రెండూ నాకే వేసేశారేంటండీ పిన్నిగారూ, మరి మీకో?”

“మందెక్కిన చేప మీకెలా పెడతానమ్మా, సూది వెయ్యనివి ఈ రెంటితో అయిపోయాయి, వచ్చే బుధవారం కోడిని కోస్తాను.”