మోటారు గది తాళం

నాలుగో రోజు కూడా కొళాయిలో నీళ్ళు రాలేదు. ఎలీసబెతు బిందె పట్టుకుని మళ్ళీ ఎదురింటికి వెళ్ళింది.

"తాళం తియ్యలేదా ఇంకా?" అడిగింది ఎదురింటి రాజమ్మ.

"నెలాఖరుకి ఖాళీ చేస్తామంటేనే తీస్తారంటండీ."

మచిలీపట్నంలో ఆ మేడమీది వాటాలోకి వాళ్ళు వచ్చి మూడేళ్ళయింది. ఇంటాయన శివరామయ్యది గుడివాడ. రొయ్యల కంపెనీవాళ్ళు స్టాఫు కోసం మేడంతా అడుగుతున్నారని చెప్పి, సోమవారం మోటారు గదికి తాళం వేసి వెళ్ళిపోయాడు.

ఆమె భర్త ఎలీషా పాలకాయతిప్ప దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తూ, ఆదివారాలు మాత్రం ఇంటికి వస్తాడు. పెద్దవాళ్ళతో మనకెందుకు, ఖాళీ చేసేద్దామన్నాడు ఫోన్లో. ఎక్కడికో చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని ఆమె రెండు రోజుల్లో అయిదిళ్ళు చూసింది. మూడు చోట్ల, పేరు చెప్పాక, మా చుట్టాలకి ఇచ్చేశామన్నారు.

ఆసుపత్రిలో ఎవరో చెబితే లాయరు జ్యోతిర్మయి దగ్గరికి వెళ్ళింది. చిన్నపిల్ల. ఇంటాయన పేరు వినగానే రాస్తున్న పెన్ను ఆపింది.

"గుడివాడ శివరామయ్యగారా?"

"అవునండీ. తెలుసా మీకు?"

"తెలియకేం," అని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

అగ్రిమెంటు లేదని ఎలీసబెతు బిక్కుబిక్కుమంటూ చెప్పింది. అద్దె ప్రతినెలా బ్యాంకు ద్వారానే వెళ్తోంది కాబట్టి మీరు అద్దెదారు కాదని ఆయన అనలేరంది జ్యోతిర్మయి. నీళ్ళు, కరెంటు ఆపే హక్కు ఇంటాయనకి లేదంది. ఖాళీ చేయించాలంటే తగిన కారణం చూపించి ఆర్డరు తెచ్చుకోవాలే తప్ప తాళాలు వేస్తే కుదరదంది. నోటీసు పంపింది. మర్నాడు తనే వచ్చి తాళాన్ని ఫొటోలు తీసుకుంది. ఫీజు సంగతి అడిగితే తర్వాత చూద్దామంది.

ఆ మాటే ఎలీసబెతుని నిలవనివ్వలేదు. ఊరికే పని చేసిపెట్టే లాయరు ఉంటుందా?

శుక్రవారం రాజమ్మ పెళ్ళికని పామర్రు వెళ్ళి, వస్తూనే మేడెక్కింది. పామర్రులో టిఫిన్ హోటలు ముందు మీ ఇంటాయనా, ఆ లాయరమ్మా ఒకే కార్లోంచి దిగడం కళ్ళారా చూశానంది.

"అటువైపు అమ్ముడుపోయినట్టుందే ఎలీసమ్మా."

ఎలీసబెతు అటక మీంచి అట్టపెట్టెలు దించింది. గిన్నెలు సర్దుతూ మధ్యలో ఆపేసి, కిటికీలోంచి వీధిలోకి చూసి, మళ్ళీ సర్దింది.

శనివారం పొద్దున్నే కారు ఆగింది. కంపెనీ మనిషితో శివరామయ్య మెట్లెక్కాడు. వెనకాలే జ్యోతిర్మయి. ఎలీసబెతు గుమ్మంలోంచి చూసింది. అయితే నిజమే, కలిసే వచ్చారు.

శివరామయ్య అట్టపెట్టెల వంక చూశాడు.

"సర్దుకుంటున్నారన్నమాట. ఎప్పుడు ఖాళీ చేస్తారమ్మా?"

నెలాఖరుకని చెప్పబోయింది. అంతలో జ్యోతిర్మయి వచ్చి ఆమె పక్కన, ఇంటాయనకి ఎదురుగా నిలబడింది.

"ఆర్డరు తెచ్చుకోండి సార్," అంది ఎలీసబెతు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అప్పుడు ఖాళీ చేస్తాం."

"ఎవరిచ్చారు ఇంత ధైర్యం?"

"నేనేనండీ," అంది జ్యోతిర్మయి. "ఇప్పుడు తాళం తియ్యండి. లేదంటే సోమవారం పిటిషన్ వేస్తాను. ఈవిడ తరఫున నేనే వాదిస్తాను."

కోర్టు మాట చెవిన పడగానే కంపెనీ మనిషి ఫోను చెవి దగ్గర పెట్టుకుని కిందికి దిగిపోయాడు. శివరామయ్య ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చివరికి ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు.

కాసేపటికి వంటింట్లో కొళాయి దగ్గింది. బుడబుడమంటూ నీళ్ళు వచ్చాయి. జ్యోతిర్మయి టైపు చేయించి తెచ్చిన రెండేళ్ళ అగ్రిమెంటు మీద పిట్టగోడ దగ్గరే నిలబడి ఆయన సంతకం పెట్టాడు.

ఎలీసబెతు పర్సు తెరవబోతే జ్యోతిర్మయి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ దగ్గర ఫీజు తీసుకుంటే బాగుండదండీ."

ఎందుకని అడిగేలోపే, మెట్లు దిగుతున్న శివరామయ్య ఆగి వెనక్కి తిరిగాడు.

"ఇంటికి పదమ్మా, మీ అమ్మ రాత్రి నుంచి అన్నం తినకుండా కూర్చుంది."