అంకె పడలేదు

స్వర్ణ మేడం ఆటో దిగడం కిటికీలోంచి చూడగానే జితేందర్‌కు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. లేవబోయాడు. కుడి గజ్జలో కలుక్కుమంది. మళ్లీ మంచం మీద కూలబడ్డాడు.

హైదరాబాద్‌లో అతను ఆడే రగ్బీ జట్టుకు ఆమె ఫిజియో. తనను వెతుక్కుంటూ సొంతూరు చివ్వెంల దాకా వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"రా బిడ్డా, కూసో," అంటూ అతని తల్లి సాయమ్మ కుర్చీ తుడిచి వేసింది. "మావోని కాలు ఎప్పటికి బాగైతది?"

"ఆరు నెలలు పడ్తదమ్మా. ఆపరేషనైతే మంచిగనే అయింది." స్వర్ణ కూర్చోలేదు. "మిమ్మల్ని మాఫ్ చేయమని అడగనీకొచ్చిన."

జితేందర్ దుప్పటి అంచు నలుపుతూ తల దించుకున్నాడు.

"తప్పు నాదమ్మా. మా దగ్గర ఒక మిషన్ ఉంటది. మోకాళ్ల నడుమ పెట్టుకొని గట్టిగ నొక్కితే తుంటిల బలమెంతుందో అంకె చూపిస్తది. సీజన్ మొదటి రోజు అందరియి రాసుకుంటం. తర్వాత వారం వారం కొలుస్తం. మొదటి అంకె కంటే పడిపోయిందంటే గజ్జ దెబ్బతింటున్నట్టే. ఆటకు పంపం."

"నొక్కుడా?" సాయమ్మ నవ్వింది. "వీడు పదేండ్లప్పుడే పొట్టేలును మోకాళ్ల నడుమ ఇరికిచ్చి పట్టేటోడు. ఉన్ని కత్తిరిచ్చినంత సేపు అది మెదులకపోయేది."

"అమ్మా, జర ఊకో!" అన్నాడు జితేందర్. అతని చెవులు కాలిపోతున్నాయి.

స్వర్ణ అతని వైపు తిరిగింది. "ఫైనల్ ముందురోజు నువ్వు కాలును చేత్తోని లేపి బస్సెక్కుతుంటే నా కండ్లతోని చూసిన. అడిగితే ఏం లేదన్నవ్. కొలిచిన. అంకె మొదటి రోజు ఎంతుందో గంతే ఉంది. నా కండ్లను నమ్మకుండ మిషన్‌ను నమ్మిన. నిన్ను ఆపాల్సింది, జితేందర్."

ఆట మొదలైన ఇరవై నిమిషాలకే గజ్జ కండరం తెగిపోయింది. స్ట్రెచర్ పక్కనే పరుగెత్తుకొచ్చిన ఆమె మొహం అతనికి ఇంకా గుర్తుంది.

"క్యాంపుల అందరు ఎట్లున్నరు మేడం?" నేల చూస్తూ అడిగాడు.

"తెల్వది. నన్ను తీసేసిన్రు." ఆమె కళ్లు తుడుచుకుంది. "కొలుచుడు చేతకాదని కాయితం రాసిచ్చిన్రు. మిర్యాలగూడల మా అమ్మోల్లింట్ల ఉంటున్న. కోదాడల ఒక దవాఖానల పని అడిగితే, ఆ కాయితం చూసి వద్దన్నరు."

జితేందర్ మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

సాయమ్మ ఆమె చేయి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. మావోడు నిన్నేమన్న అన్నడా?"

"ఒక్క మాట అనలేదమ్మా. గందుకే ఇంకింత సిగ్గైతుంది."

చాయ్ కూడా తాగకుండా స్వర్ణ గడప దాటింది. ఆటో స్టార్టయింది.

జితేందర్ గోడ పట్టుకుని లేచాడు. చంకకర్ర కోసం కూడా చూడలేదు. కుంటుకుంటూ వాకిట్లోకొచ్చి, "మేడం!" అని అరిచాడు. ఆమె ఆటోలోంచి తొంగిచూసింది. తల్లి చూస్తుండగానే అతను రెండు చేతులూ జోడించాడు.

"ముందుముందు దెబ్బ తగిలినా అంకె పడొద్దని, ఆ మొదటి రోజు నేనే కావాలని సగం బలంతోని నొక్కిన మేడం."