చెప్పని చోటు

“చెప్పనంటే చెప్పను నాన్నా. ఇంకేదైనా అడుగు.”

టెస్సా నవ్వుతూనే అంది. పెనంలో వెన్న చిటపటలాడుతోంది. కిటికీ పక్కన గిన్నెలో, ఉప్పునీళ్ళలో నానుతున్న మోరెల్ పుట్టగొడుగులు ఒక్కోటీ బుల్లి తేనెపట్టులా ఉన్నాయి. పెళ్ళయ్యాక మొదటి వసంతం. పెనం కొత్తది, గరిటె కొత్తది, వేలి ఉంగరం కొత్తది. వాటి మధ్య నిలబడితేనే ఆమెకి నవ్వొస్తోంది.

వాళ్ళ నాన్న ఆర్లిస్ టోపీ అయినా తియ్యకుండా వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పోనీ ఏ కొండవైపో చెప్పు.”

“ఊహూఁ.”

“వాగుకి ఇవతలా, అవతలా?”

“ముందు కూర్చుని తిను. నీకోసమే వేయిస్తున్నా.”

“తినడానికి రాలేదు.”

“ఇవి మొలిచే చోటు ఎవరికీ చెప్పనని మామయ్యగారు ఒట్టేయించుకున్నారు నాన్నా. అత్తయ్యకి ఆ చోటు చూపించింది ముగ్గురు పిల్లలు పుట్టాకట! నాకేమో మొదటి ఏడాదే. కళ్ళకి గంతలు కూడా కట్టలేదు తెలుసా?”

“అబ్బో. పెద్ద సన్మానమే.”

“వెటకారం వద్దు.”

ఆర్లిస్ ఒకడుగు లోపలికి వేశాడు. గొంతు తగ్గించాడు. “నేను కోసుకోను. నీ మీదొట్టు. ఆ ఛాయలకే పోను. నాకు ఒక్క పుట్టగొడుగు కూడా అక్కర్లేదు. నువ్వు చెబితే చాలు.”

“కోసుకోనివాడివి తెలుసుకుని ఏం చేస్తావు?”

ఆయన పెనంకేసి చూశాడు.

“సరస్సులో క్రాపీ చేపలు గుంపుకట్టే చోట్లు మా అన్నకి కూడా చెప్పలేదు నేను. నీకు ఊహ తెలిసీ తెలియకముందే అన్నీ చూపించాను. నీ దగ్గర ఏం దాచాను?”

“అప్పుడు నేను మీ ఇంటి పిల్లని కదా!”

అనేశాక గానీ ఏమందో ఆమెకే తెలియలేదు. పుట్టగొడుగులు పెనంలో చుయ్యిమన్నాయి.

“ఇప్పుడు?” అన్నాడు ఆర్లిస్.

“ఇప్పుడూ అంతే. కానీ మాటిచ్చాను. మాటిస్తే తప్పకూడదని నేర్పింది నువ్వే.”

“అవును. బాగానే నేర్చుకున్నావు.”

ఆయన వెనక్కి తిరిగాడు. టెస్సా పొయ్యి ఆపి, పళ్ళెం పట్టుకుని వెంట పరిగెత్తింది. అప్పటికే ట్రక్కెక్కి కూర్చున్నాడు. అద్దం దించే ఉంది.

“కనీసం రెండు తిని వెళ్ళు నాన్నా.”

“ఆఖరిసారి అడుగుతున్నాను తల్లీ. పైకి చెప్పడం ఇష్టం లేకపోతే చెవిలో చెప్పు.”

కిటికీలోంచి చెవి ఇటు వంచి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు అమ్మకి తెలియకుండా ఏదైనా చెప్పాలంటే ఆయన ఇలాగే వంగేవాడు. టెస్సాకి ముద్దొచ్చింది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, బుగ్గ మీద చప్పున ముద్దు పెట్టి, “చె-ప్ప-ను” అంది.

ఆర్లిస్ కళ్ళు తెరిచాడు. నవ్వలేదు. “సరే” అని ట్రక్కు తీశాడు. పళ్ళెం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. మధ్యాహ్నానికల్లా అది సర్దుకుంది. పుట్టగొడుగుల కోసం ఇంత అలకేమిటి! మొగుడు గ్రాడీకి ఎలా చెప్పాలో గదులు ఊడుస్తూ, పక్క సర్దుతూ రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకుంది. కన్నతండ్రి బతిమాలినా నోరు విప్పలేదంటే, ఇక ఈ ఇంట్లో ఆమెని కొత్తమనిషని ఎవరంటారు?

బయట బండి చప్పుడైంది. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి ఉరికింది.

గ్రాడీ కిందికి దిగాడు. చేతిలో వేటాడి తెచ్చిన టర్కీ పుంజు తలకిందులుగా వేలాడుతోంది. వాళ్ళ నాన్న వెండెల్ ఇంకా స్టీరింగు దగ్గరే ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది.

“గ్రాడీ! ఏం జరిగిందో తెలుసా? మా నాన్న వచ్చాడు. మోరెల్స్ ఎక్కడివో చెప్పమని ఒకటే బతిమాలాడు. చెవిలో అయినా చెప్పమన్నాడు. చెప్పానేమో అడుగు!”

గ్రాడీ అడగలేదు. పుంజు ఈకలు సవరిస్తూ, “పక్షిని లోపల పెట్టొస్తా” అని ఆమె కళ్ళలోకి చూడకుండా తప్పుకుని వెళ్ళిపోయాడు.

“చెప్పలేదని తెలుసమ్మా” అన్నాడు వెండెల్, కిటికీలోంచి తల బయట పెట్టి. “మా కోడలు ఉక్కుముక్క అని నాకు ముందే తెలుసు.”

“మీకెలా తెలుసు మామయ్యా? నాన్న కలిశాడా?”

వెండెల్ పకపకా నవ్వుతూ, బొటనవేలితో వెనక్కి చూపించాడు. ట్రక్కు వెనక తగిలించిన బండి మీద ఒక చేపలపడవ ఉంది. ఆకుపచ్చ రంగు. పక్కన సొట్ట. ఆమె చిన్నప్పుడు గోరురంగుతో వంకరటింకరగా రాసుకున్న పేరు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

“ఇది... మా నాన్న పడవ కదా. ఇక్కడికెందుకొచ్చింది?”

“ఇక మనదే. నిన్న ఎరల కొట్టు దగ్గర అందరి ముందూ ఈ పడవే పందెం కాశారు బావగారు, ‘నా కూతురు లోకం మొత్తానికి దాచినా నాకు మాత్రం చెబుతుంది’ అని.”